తప్పంతా మిడ్‌ఫీల్డ్‌దేనా?

గోవాలోని ఫతోర్దా మైదానంలో 2025 అక్టోబరు 14, మంగళవారం రాత్రి సింగపూర్ చేతిలో 1-2 ఓటమితో 2027 ఫుట్‌బాల్ ఆసియా కప్‌కు భారత్ దారి మూసుకుపోయింది. అప్పటికి ఇంకా రెండు మ్యాచ్‌లు మిగిలి ఉన్నా లాభం లేకపోయింది. నాలుగు మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవని జట్టు ఖాతాలో అప్పటికి ఉన్నవి రెండు పాయింట్లు. వరుసగా 2019లోనూ 2023లోనూ ఆసియా కప్ ఆడిన దేశం ఈసారి తనకంటే తక్కువ ర్యాంకు జట్టు చేతిలో, అదీ సొంతగడ్డ మీద ఓడి ఇంటిదారి పట్టింది. అభిమానులకు కోపం రావడంలో వింత లేదు. కోపం రాకపోతేనే ఆందోళన పడాలి.

కానీ ఆ కోపం ఎటు పోతోందో చూస్తే ఆందోళన ఇంకా పెరుగుతోంది. మ్యాచ్ ముగిసినప్పటి నుంచి ఒకటే చర్చ. మైదానం మధ్యలో ఆటను నడిపే మిడ్‌ఫీల్డ్‌లో ఫలానావాడిని ఎందుకు ఆడించారు, ఫలానావాడిని బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టారు, 41 ఏళ్ల స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ ఇంకా ఎందుకు, బంతి పోగానే వెనక్కి పరుగెత్తని ఆ ఇద్దరినీ జీవితంలో మళ్లీ పిలవొద్దు... చర్చ అక్కడ ఆగినా బాగుండేది. ఆటగాళ్ల పేర్లకు తిట్లు తగిలించి, ఇంట్లో వాళ్లను కూడా కలిపి దూషించేదాకా పోయింది.

టికెట్ కొని, గొంతు పోయేలా అరిచిన అభిమానికి జట్టు ఎంపికను ప్రశ్నించే హక్కు ఉంది. ఆట బాగాలేదని చెప్పే హక్కూ ఉంది. ఆ రాత్రి మన మిడ్‌ఫీల్డ్ బాగా ఆడిందని మేమూ అనడం లేదు. 14వ నిమిషంలోనే ఛాంగ్తే గోల్ కొట్టి ఆధిక్యం ఇచ్చాక దాన్ని నిలబెట్టుకోలేకపోవడం చిన్న వైఫల్యం కాదు. విరామానికి నిమిషం ముందు ఒకటి, మళ్లీ 58వ నిమిషంలో ఒకటి, రెండు గోల్సూ సింగపూర్ ఆటగాడు సాంగ్ ఉయ్‌యంగ్ ఒక్కడే కొట్టాడు. మొదటిసారి దెబ్బ తగిలాక కూడా అతడిని కాచుకోలేకపోయారంటే అడగాల్సిందే.

అయితే అడగడం ఆటగాడి దగ్గర మొదలై ఆటగాడి దగ్గరే ముగిసిపోతోంది. మా అభ్యంతరమంతా దాని మీదే. ఓటమి లెక్క ప్రతిసారీ మైదానంలో ఉన్న పదకొండు మందే చెప్పాలా? వాళ్లను అక్కడికి పంపిన వ్యవస్థ ఎప్పుడు చెబుతుంది?

ఛెత్రీ సంగతే తీసుకోండి. 2024 జూన్‌లో కోల్‌కతాలో కన్నీళ్లతో వీడ్కోలు పలికిన మనిషిని తొమ్మిది నెలలకే మళ్లీ పిలిపించారు. అది ఎంపికలో తప్పే అనుకుందాం. మరి ఆ తప్పు ఎందుకు చేయాల్సి వచ్చింది? 2024-25 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో భారతీయుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే కాబట్టి. మొత్తం 14. నలభై దాటిన వ్యక్తి కంటే మెరుగైన స్ట్రైకర్ దేశంలో దొరకలేదంటే లోపం ఆయనను పిలిచిన కోచ్‌ది మాత్రమేనా?

మిడ్‌ఫీల్డ్ కథ కూడా ఇదే. లీగ్ మొదలైన 2014లో ఒక్కో జట్టు ఏకంగా ఆరుగురు విదేశీయులను మైదానంలో దించేది. 2017లో ఆ సంఖ్య ఐదుకు, 2021లో నాలుగుకు తగ్గింది. తగ్గినా ఆ నాలుగు చోట్లు ఎక్కడివి? జట్టుకు వెన్నెముక లాంటివి. గోల్ కొట్టే స్ట్రైకర్, మధ్యలో ఆటను నడిపించే మిడ్‌ఫీల్డర్, వెనక డిఫెన్స్‌ను కాసే సెంటర్ బ్యాక్ స్థానాల్లోనే విదేశీయులు ఎక్కువ. మన కుర్రాళ్లు వింగుల్లోనూ ఫుల్ బ్యాక్ స్థానాల్లోనూ ఎదిగారు. ఒత్తిడిలో బంతి అందుకుని, తల ఎత్తి చూసి, ఆట వేగాన్ని తన చేతిలోకి తీసుకోవడం వారం వారం ఆడితే వచ్చే విద్య. క్లబ్బులో ఆ పని వేరేవాడికి అప్పజెప్పి, జాతీయ జట్టులోకి రాగానే అదే పని మనవాడు గొప్పగా చేయాలంటే ఎలా? క్లబ్బులను కూడా పూర్తిగా తప్పుపట్టలేం. డబ్బు పెట్టినవాడికి ఆదివారం గెలవాలనే ఉంటుంది. మనవాళ్లకు ఆ స్థానాల్లో ఆడే అవకాశం కల్పించే నియమాలు చేయాల్సింది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. చేసిందా?

ఆ ఓటమి నాటికి ఆ వారం వారం ఆట కూడా లేదు. 2025 ఏప్రిల్ 12న ఫైనల్ ముగిశాక లీగ్‌లో బంతి కదల్లేదు. సమాఖ్యకూ, లీగ్ నడిపే వాణిజ్య సంస్థకూ మధ్య పదిహేనేళ్ల ఒప్పందం ఆ డిసెంబరులో ముగియాల్సి ఉండింది. కొత్త ఒప్పందం కుదరక జూలైలోనే కొత్త సీజన్‌ను పక్కన పెట్టేశారు. కొన్ని క్లబ్బులు సీనియర్ జట్ల జీతాలే ఆపేశాయి. వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియని కుర్రాడు, మ్యాచ్ ఫిట్‌నెస్ లేని కాళ్లతో, ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లో 90 నిమిషాలు పరుగెత్తాల్సి వచ్చింది. అలసిపోయి ఒక అడుగు ఆలస్యమైతే దేశద్రోహి. ఒప్పందం ముగుస్తుందని పదిహేనేళ్లుగా తెలిసీ ముందుచూపు లేని పెద్దలను మాత్రం ఎవరూ పేరు పెట్టి అడగరు.

ఇది ఆనవాయితీగా మారిపోయింది. ఓటమి రాగానే ఒక మిడ్‌ఫీల్డర్‌నో, ఒక కోచ్‌నో బలి ఇవ్వాలి. జనం శాంతిస్తారు, కుర్చీల్లో ఉన్నవాళ్లు కుర్చీల్లోనే ఉంటారు. 2024 జూన్‌లో కోచ్ స్టిమాచ్‌ను సాగనంపారు. ఆ స్థానంలో మనోలో మార్కెజ్‌ను తెచ్చి, ఆయన గోవా క్లబ్బుకూ దేశానికీ ఏకకాలంలో కోచ్‌గా ఉండటానికి సమాఖ్యే ఒప్పుకుంది. జాతీయ జట్టును పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసిన ఈ నిర్ణయానికి లెక్క ఎవరు చెప్పారు? ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపుతో 2025 జూలైలో ఆయన వెళ్లిపోయారు. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. ఆయన తొలి శిబిరానికే కొందరు ఆటగాళ్లను క్లబ్బులు పంపలేదు. అయినా సీఏఎఫ్‌ఏ నేషన్స్ కప్ టోర్నీలో తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించి, ఒమన్‌ను పెనాల్టీల్లో దాటి జట్టు మూడో స్థానం తెచ్చింది. ఆయన వచ్చి మూడు నెలలు తిరక్కముందే, సింగపూర్‌తో ఓటమి తర్వాత ఆయన తల కూడా అడిగారు. 2023 జూలైలో ఫిఫా 99వ ర్యాంకులో ఉన్న జట్టు రెండేళ్లకు 133కు జారింది. ఈ మధ్యలో కోచ్‌లు మారారు, మిడ్‌ఫీల్డర్లు మారారు. మారనిది ఏమిటో అభిమానులే చెప్పాలి.

ఓటమికి ఇంకో రకంగా కూడా స్పందించవచ్చని ఈ దేశ ఫుట్‌బాల్‌కు తెలియనిది కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1 తేడాతో చిత్తయ్యాం. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఈనాటి లెక్కన ఆయన మళ్లీ జట్టు ముఖం చూసి ఉండకూడదు. కానీ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలబెట్టిందీ, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించిందీ ఆ రహీమే. ఆ ఫైనల్‌కు ఆయన చేసిన ఎంపికలు చూడండి. తలకు గాయమై కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దించారు. జ్వరం నుంచి కోలుకున్న గోల్‌కీపర్ తంగరాజ్‌ను గోల్ ముందు నిలబెట్టారు. జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం కాబట్టి అది మహా వ్యూహం అయింది. ఓడి ఉంటే? ఫలితం చూశాక ఎంపికను తూచడం ఎవరైనా చేయగలరు. రహీంకు దొరికిందీ, ఇప్పటి కోచ్‌లకు దొరకనిదీ ఓటమి తర్వాత పని చేసుకునే సమయం.

ఆ మంగళవారం మనల్ని ఓడించిన సాంగ్ దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో పుట్టినవాడు. 18 ఏళ్ల వయసులో సింగపూర్ క్లబ్బుకు వచ్చాడు. అక్కడే ఏళ్ల తరబడి ఆడి, 2021లో ఆ దేశ పౌరుడయ్యాడు. మనకంటే ఎంతో చిన్న దేశం ఒక ఆటగాడి కోసం దాదాపు దశాబ్దం ఓపిక పట్టింది. మనం ఒక మ్యాచ్ కూడా ఓపిక పట్టలేకపోతున్నాం.

ఆటగాళ్లను బూతులు తిట్టేవాళ్లకు ఒక మాట. మీరు తిడుతున్న కుర్రాడు జట్టును ఎంపిక చేసుకోలేదు, లీగ్‌ను ఆపలేదు, ఒప్పందాన్ని నానబెట్టలేదు. విమర్శించండి. పాస్ తప్పితే తప్పిందనండి. కుటుంబాన్ని లాగి, ఊరిని లాగి తిట్టేది విమర్శ కాదు, పిరికితనం. సమాధానం చెప్పలేనివాడి మీద పడి, చెప్పాల్సినవాడిని వదిలేయడం అది. మీ తిట్లు సమాఖ్యకు ఎంత సౌకర్యంగా ఉన్నాయో ఆలోచించారా? మీరు మిడ్‌ఫీల్డ్ గురించి ఎంతసేపు కొట్టుకుంటే, వాళ్లకు అంతసేపు ప్రశ్నలు తప్పుతాయి.

ఇక సమాఖ్య పెద్దలకు.  జట్టులో ఎవరుండాలో కోచ్ చూసుకుంటాడు. మీరు చెప్పాల్సింది వేరే ఉంది. లీగ్ ఆగిపోయేదాకా ఎందుకు తెచ్చారు? ఆటగాళ్ల జీతాలు ఆగినప్పుడు ఏం చేశారు? పార్ట్‌టైమ్ కోచ్ నిర్ణయం ఎవరిది? ఈ మూడింటికి జవాబు చెప్పే ధైర్యం లేనివాళ్లు ఓటమిపై సమీక్ష పేరుతో ఆటగాళ్లను ముందు కూర్చోబెట్టుకుని సంజాయిషీ అడగడానికి సిగ్గుపడాలి.