డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టడం రెండు వైర్ల పని కాదు

"పాత ట్రాక్టర్‌కు డైనమో తీసేసి కారు ఆల్టర్నేటర్ బిగించండి. రెండు వైర్లు కలిపితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఎర్త్ ఎటున్నా ఒకటే. డీజిల్ ఆదా, బ్యాటరీకి ఇక చావు లేదు." పరకాల, నర్సంపేట వైపు రైతుల ఫోన్లలో తిరుగుతున్న మాటలివి.

డైనమో, ఆల్టర్నేటర్ రెండూ ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే యంత్రాలే. ఆల్టర్నేటర్ మంచిదే, నేనూ పెట్టించుకున్నాను. పత్తి లోడుతో రాత్రిపూట ఎనుమాముల మార్కెట్ ముందు వరుసలో నిలబడి, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. లైట్లు బ్యాటరీని తాగేస్తాయి. ఆల్టర్నేటర్ ఆ వేగంలోనూ చార్జింగ్ ఇస్తుంది. నా అభ్యంతరమంతా మిగతా మాటల మీదే.

రెండు వైర్లన్న మాట ముందు చూద్దాం. డైనమోకు కటౌట్ (బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపేది), రెగ్యులేటర్ (వోల్టేజిని అదుపు చేసేది) ఉన్న పెట్టె విడిగా ఉంటుంది. ఇప్పటి ఆల్టర్నేటర్లలో చాలావాటికి రెగ్యులేటర్ లోపలే ఉంటుంది కాబట్టి ఆ పాత పెట్టెను తప్పించాలి. పైగా పాత డైనమోలు ఇచ్చేది చాలావరకు 11 నుంచి 22 ఆంపియర్లు. 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌ను అదే సన్నని వైరుకు కలిపితే, దిగిపోయిన బ్యాటరీ ఒక్కసారిగా లాగే కరెంటును అది మోయలేదు. నా ట్రాక్టర్‌లో కరెంటు ఎంతో చూపే, 30 వరకే గీతలున్న అమ్మీటర్ వెనక వైరు తొడుగు మెత్తబడి వేలికి అంటుకుంది. అప్పుడు గానీ బ్యాటరీకి నేరుగా మందపాటి వైరు, మధ్యలో ఫ్యూజు వేయించలేదు. చార్జింగ్ బల్బునూ తీసేయకండి. చాలా ఆల్టర్నేటర్లకు చార్జింగ్ మొదలవడానికి కావాల్సిన మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఎర్త్ మాట. ఎర్త్ అంటే బ్యాటరీ కొసల్లో బండి బాడీకి కలిపేది. కొన్ని పాత ట్రాక్టర్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. సెల్ఫ్ మోటారుకు, మామూలు బల్బులకు అది మారినా ఇబ్బంది లేదు. బహుశా ఆ నిజం నుంచే ఈ మాట పుట్టి ఉంటుంది. కానీ ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు ఉంటాయి. మైనస్ ఎర్త్ ఆల్టర్నేటర్‌ను ప్లస్ ఎర్త్ బండికి కలిపితే, ఇంజను స్టార్ట్ చేయకముందే బ్యాటరీ కరెంటు వాటి గుండా దూసుకెళ్లి కాల్చేస్తుంది. ముందు బ్యాటరీ కనెక్షన్లు మార్చి, అమ్మీటర్ వైర్లు కూడా తిప్పి కలపాలి.

డైనమో రోజుల అలవాటు ఇంకొకటి ఉంది: ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి చార్జింగ్ చూడటం. మా అన్నయ్య ట్రాక్టర్‌కు కొత్త ఆల్టర్నేటర్ బిగించిన రోజే ఒక మెకానిక్ అలా చేశాడు. విప్పి చూస్తే డయోడ్ ప్లేటు నల్లగా మాడి ఉంది. బ్యాటరీ ఆసరా పోగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగసిపడుతుంది.

డీజిల్ ఆదా లెక్కకు నిలవదు. 14 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లంటే 420 వాట్లు. ఏ యంత్రం పెట్టినా ఆ శక్తి ఇంజను నుంచే రావాలి. లోపలి ప్లేట్లకు సల్ఫేట్ పేరుకుని పాడైన బ్యాటరీని కూడా ఏ ఆల్టర్నేటరూ బతికించలేదు.

బిగించాక బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. ఇంజను తిరుగుతుండగా 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. 15 దాటితే వెంటనే ఇంజను ఆపి రెగ్యులేటర్ చూపించండి.