అయింది, చేయించుకుంది

తెలుగులో మనకి రెండింటికీ ఒకటే మాట. "పాపం, మూడో నెలలో అబార్షన్ అయింది" అంటాం, "అబార్షన్ చేయించుకుంది" అనీ అంటాం. తేడా అంతా క్రియలోనే. మొదటిది వింటే అయ్యో అంటారు. రెండోది వింటే గొంతు తగ్గించి "ఎందుకట?" అంటారు.

డాక్టర్ల పుస్తకాల్లోనూ ఇదే గందరగోళం. గుండె ఆగిపోయిన పిండం బయటికి రాకుండా కడుపులోనే ఉండిపోతే దాన్ని 'మిస్డ్ అబార్షన్' అని రాస్తారు. డాలస్ దగ్గర ఉండే మా చెల్లెలి కూతురికి తొమ్మిదో వారంలో అదే జరిగింది. పిండం బయటికి వచ్చేయడానికి డాక్టరు మిసోప్రొస్టాల్ అనే మాత్ర రాసింది. ఫార్మసీ కౌంటర్లో అతను స్క్రీన్ చూశాడు, లోపలికి వెళ్ళాడు, తిరిగొచ్చి "మీ డాక్టరుతో మాట్లాడాక ఇస్తాం" అన్నాడు. అది శుక్రవారం సాయంత్రం. అప్పటికే క్లినిక్ మూసేశారు. కారులో కూర్చుని నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఇది నేను చేయించుకుంటున్నది కాదు, అయిందీ అని అతనికెలా చెప్పను?"

చెప్పాల్సిన అవసరమే లేదు నిజానికి. డాలస్ ఉన్న టెక్సస్‌లో అబార్షన్ నిషేధం, కానీ చనిపోయిన పిండాన్ని తీయడం అబార్షన్ కిందికి రాదని ఆ రాష్ట్ర చట్టంలోనే ఉంది. అయితే అయినదానికీ చేయించుకున్నదానికీ వాడే మాత్ర ఒకటే. ఆ మాత్ర ఎందుకో దాని మీద రాసి ఉండదు. లైసెన్సు పోతుందేమోనని టెన్షన్ పడుతున్న మనిషి ముందు జాగ్రత్తగా "లేదు" అంటాడు. అతన్ని తిట్టబుద్ధి కాలేదు నాకు.

అబార్షన్ మీద ఇక్కడి మన తెలుగు అసోసియేషన్‌లోనే ఏకాభిప్రాయం లేదు, ఉండాలనీ నేను అనను. నా గొడవ వేరు. ఒక పని చేయకూడదని రాష్ట్రం అనడం ఒకటి. ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు రాయాలో, ఏ అలమరాలో పెట్టాలో శాసనసభలో తేల్చడం మరొకటి. మొదటిదానికి ఓటేసినవాళ్ళు కూడా రెండోదాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి.

ఒహాయో కథే తీసుకోండి. అబార్షన్‌కి రెండు మందులు వాడతారు, ముందు మిఫెప్రిస్టోన్, తర్వాత మిసోప్రొస్టాల్. మిఫెప్రిస్టోన్‌కి ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ, 2000 సెప్టెంబరులో అనుమతి ఇచ్చినప్పుడు లేబుల్ మీద ఉన్న మోతాదు 600 మిల్లీగ్రాములు, గడువు ఏడు వారాలు. డాక్టర్లు త్వరలోనే గ్రహించారు, మొదటి మందు 200 మిల్లీగ్రాములు చాలు, రెండో మందు మిసోప్రొస్టాల్ ఇచ్చే పద్ధతి మారిస్తే ఫలితం ఇంకా బాగుంటుందని. లేబుల్‌కి భిన్నంగా మందు రాయడం ఇక్కడ మామూలే. మిసోప్రొస్టాల్‌కి 1988లో అనుమతి వచ్చిందే కడుపులో పుండ్లు రాకుండా ఉండటానికి. కాన్పు గదిలో దాన్ని వాడేదంతా లేబుల్‌కి బయటే. కానీ ఒహాయో 2004లో ఒక చట్టం చేసింది, ఎఫ్‌డీఏ లేబుల్ ప్రకారమే ఇవ్వాలని. కోర్టుల చుట్టూ తిరిగి అది 2011లో అమల్లోకి వచ్చింది. అప్పటికి ఆ లేబుల్ వయసు పదేళ్ళు దాటింది. పక్క రాష్ట్రాల్లో మిఫెప్రిస్టోన్ మాత్ర ఒకటి మింగితే ఒహాయోలో మూడు మింగాలి. డాక్టరుకి తెలుసు, నర్సుకి తెలుసు, అయినా మూడే. 2016 మార్చిలో ఎఫ్‌డీఏ లేబుల్ మార్చి 200 మిల్లీగ్రాములు, పది వారాలు అనేదాకా అంతే. తర్వాత లెక్కలు తీస్తే, ఆ చట్టం వచ్చాక మళ్ళీ ఏదో ఒక చికిత్స అవసరమైనవాళ్ళు నూటికి దాదాపు 5 నుంచి 14కి పెరిగారు. చట్టానికి చెప్పిన కారణం ఆడవాళ్ళ భద్రత!

లూసియానా ఇంకో దారి పట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడ ఈ రెండు మందులూ షెడ్యూల్ 4లో ఉన్నాయి, అంటే దుర్వినియోగం అవుతాయని అదుపులో పెట్టే మందుల జాబితాలో, వాలియం, జానాక్స్ లాంటి మత్తు మాత్రల పక్కన. ఆ బిల్లుకి మూలం ఒక దుర్మార్గం. ఒకడు భార్యకి తెలియకుండా తాగేదాంట్లో ఈ మందు కలిపాడు. అలాంటివాణ్ణి జైల్లో పెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ శిక్ష పడింది కాన్పు గదికి. ప్రసవం తర్వాత రక్తం ఆగకపోతే మిసోప్రొస్టాల్ చేతికి అందేలా ఉండాలి. అది ఇప్పుడు తాళం వేసిన అలమరాలోకి వెళ్ళింది. రక్తం పోతున్నప్పుడు నిమిషమంటే ఎంతో పురుడు చూసిన ప్రతి తల్లికీ తెలుసు.

నియంత్రణే వద్దంటున్నావా అని అడుగుతారు. వద్దనను. గర్భం ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ప్రాణానికే ముప్పు. ఎన్ని వారాలో తేల్చాలి, ప్రమాదం ఉన్నవాళ్ళని డాక్టరు పరీక్షించాలి. అందుకే ఎఫ్‌డీఏ మిఫెప్రిస్టోన్‌కి మామూలు మందులకి లేని షరతులు పెట్టింది. రాసేవాళ్ళకి సర్టిఫికేషన్, పేషెంట్ సంతకం, 2023 నుంచి అమ్మే ఫార్మసీకీ సర్టిఫికేషన్. వాటిలో ఏది సరిపోదో వైద్యులు కూర్చుని వాదించుకోవచ్చు. 2025 డిసెంబరు నుంచి టెక్సస్‌లో అమల్లో ఉన్న చట్టం అలాంటి వాదన కాదు. రాష్ట్రంలోకి ఈ మాత్రలు పంపినవాళ్ళ మీద ఎవరైనా దావా వేసి కనీసం 1,00,000 డాలర్లు అడగొచ్చు. న్యూయార్క్ అటు నుంచి, తన డాక్టర్లని కాపాడుకోడానికి, మందు సీసా మీద డాక్టరు పేరు లేకపోయినా ఫర్వాలేదంటూ చట్టం చేసుకుంది. రెండు రాష్ట్రాలు పోట్లాడుకుంటే మందు రాసినవాళ్ళ పేరు సీసా మీద నుంచి మాయమైంది. అదీ నాకు నచ్చలేదు.

మనలో చాలామంది రాష్ట్రాన్ని ఎంచుకోలేదు, ఉద్యోగం ఎంచింది. వీసా మీద ఉన్న పిల్లలకి ఓటు కూడా లేదు. వాళ్ళు చేయగలిగింది చిన్నదే. ఇలాంటి పరిస్థితి వస్తే ఫార్మసీకి బయల్దేరే ముందే, మందు ఎందుకో మామూలు మాటల్లో చీటీ మీద రాయమని డాక్టరుని అడగాలి. కాన్పుకో సాయానికో వచ్చిన అమ్మలు కూడా ఎమర్జెన్సీ గదిలో "మా అమ్మాయికి అబార్షన్ అయింది" అని చెప్పేముందు ఆగాలి. ఆ 'అయింది' ఇంగ్లీషులోకి వెళ్ళదు.

మా పిల్ల శని, ఆదివారాలు అలాగే గడిపింది. సోమవారం డాక్టరు చీటీ మళ్ళీ పంపింది, ఈసారి 'మిస్‌క్యారేజ్' అని రాసి. అదే మందు, అదే మోతాదు, అదే కౌంటరు. పది నిమిషాల్లో ఇచ్చేశారు.