ఎర్రబస్సు రాని పల్లె

వాట్సాప్ స్టేటస్‌లో మా ఊరి ఫొటో పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు "అదృష్టవంతురాలివే, స్వర్గంలో ఉన్నావు" అంటారు. రాతి చర్చి, పచ్చటి గుట్టలు, గొర్రెలు. బాగుంటుంది, కాదనను. కారు నడిపేవాళ్లకి.

ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ కౌంటీ, లడ్లో టౌన్‌కి కొన్ని మైళ్ల దూరంలో మా పల్లె. వచ్చి మూడేళ్లయింది. ఇండియా లైసెన్సు ఇక్కడ ఏడాది వరకే చెల్లుతుంది. ఆ తర్వాత ఇక్కడి టెస్టు పాసవ్వాలి. దానికి డేట్ దొరకడానికే నెలలు పడుతుంది. నేను ఒకసారి ఫెయిలయ్యాను కూడా. రౌండబౌట్ దగ్గర. ఇంకేం అడగకండి. అంచేత నాకు బస్సే గతి. అది వారానికి రెండు రోజులే వస్తుంది. పదిన్నరకి ఎక్కితే రెండింటికి తిరుగు బస్సు. అది తప్పిపోతే టాక్సీ, ఆ డబ్బుతో వారం సరుకులొస్తాయి.

హాస్టల్లో నన్ను "ఎర్రబస్సెక్కి వచ్చావా" అని ఏడిపించేవాళ్లు. ఆ ఎర్రబస్సు మా ఊరికి రోజుకి నాలుగు ట్రిప్పులు తిరిగేది! దాని విలువ ఇంగ్లండ్ వచ్చాక తెలిసింది.

ఇక్కడ పెన్షన్ వయసు దాటినవాళ్లకి బస్సు పాస్ ఫ్రీ. పనిరోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర తర్వాత ఇంగ్లండ్‌లో ఏ లోకల్ బస్సైనా ఎక్కొచ్చు. మామూలు టికెట్ 2023లో 2 పౌండ్లు దాటకూడదన్నారు, 2025లో దాన్ని 3 చేశారు. దాని మీద ఎంత చర్చో. రాని బస్సుకి టికెట్ రెండైతే ఏంటి, మూడైతే ఏంటి? మా పక్కింటావిడకి 81 ఏళ్లు. చూపు తగ్గి కారు మానేసింది. పాస్ మాత్రం పర్సులో భద్రంగా ఉంది.

లండన్ బయట బస్సుల్ని 1986లో ప్రైవేటు కంపెనీలకి వదిలేశారు. లాభమొచ్చే రూటు వాళ్లు నడుపుకుంటారు. లాభం రాని రూటు కావాలంటే కౌన్సిల్, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం, డబ్బు కట్టాలి. కౌన్సిల్‌కి డబ్బు కటకటైనప్పుడు మాలాంటి ఊళ్ల మీదే మొదట వేటు. పైగా "జనం ఎక్కట్లేదు" అంటారు. వారానికి రెండుసార్లొచ్చే బస్సుని నమ్ముకుని ఎవరు ఉద్యోగానికి వెళ్తారు? ఏ పిల్లలు కాలేజీకి వెళ్తారు?

"పల్లెటూరంటే అంతేగా, తెలిసే వచ్చారుగా" అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ ఊరివాళ్లు చేతులు ముడుచుక్కూర్చోలేదండీ. కొట్టు మూతపడితే తలా కొంత వేసుకుని మళ్లీ తెరిచారు. అందులోనే ఓ మూల పోస్టాఫీసు కౌంటర్. గల్లాపెట్టె దగ్గర జీతం లేకుండా కూర్చునేది డెబ్బై దాటినవాళ్లే. గ్యాస్ పైపులైను లేదు, ఇల్లు వేడెక్కాలంటే పెరట్లో ట్యాంకులో కిరసనాయిలు నింపుకోవాలి. అదీ ఊరంతా కలిసి ఒకేసారి ఆర్డర్ పెడతారు, రేటు తగ్గుతుందని. పాత ఎర్ర టెలిఫోన్ డబ్బాని 1 పౌండ్‌కి తీసుకుని, గుండె ఆగితే షాక్ ఇచ్చే మెషీన్ పెట్టారు. ఇవన్నీ చేసుకున్నారు. రోజూ తిరిగే బస్సుని మాత్రం చందాలతో నడపలేరు కదా.

వచ్చే నెల నాకు మళ్లీ టెస్టు. ఆ తేదీ నాకంటే పక్కింటావిడకే బాగా గుర్తు. పాసైతే గురువారాలు ఆవిణ్ణి కూడా లడ్లో తీసుకెళ్తానని మాటిచ్చాను. అప్పుడు ఆ బస్సుకి ఇద్దరు ప్రయాణికులు తగ్గుతారు.