గ్వాంగ్గెతో గెలిచింది నేలనా, మనుషులనా?

ప్రాచీన కొరియా రాజ్యమైన గోగుర్యోను ఏలిన గ్వాంగ్గెతో అనే రాజు పేరెత్తగానే 64 కోటలు, 1,400 గ్రామాలు జయించాడన్న లెక్క వినిపిస్తుంది. ఆ లెక్క అతని కొడుకు జంగ్సు 414లో నిలబెట్టిన శాసనంలోది. ఇప్పుడు చైనా జిలిన్ రాష్ట్రంలోని జియాన్‌లో ఉన్న ఆ రాయి ఎత్తు ఆరు మీటర్ల పైమాటే. నాలుగు వైపులా కలిపి సుమారు 1,775 అక్షరాలు. నూరేళ్లకు పైగా పండితుల తగాదా మాత్రం ఒకే వాక్యం మీద: 391 ప్రాంతంలో జపాన్‌కు చెందిన 'వా' సేనలు సముద్రం దాటి వచ్చి గోగుర్యోకు దక్షిణాన ఉన్న కొరియా రాజ్యాలు బెక్జే, సిల్లాలను లొంగదీసుకున్నాయా? జపాన్ సైన్యమే సున్నం పూసి అక్షరాలు మార్చిందని 1972లో ఆరోపణ వచ్చింది. సున్నం పూయకముందు రాయి మీంచి కాగితంపై తీసిన అచ్చులు బయటపడ్డాక ఆ వాదనకు పట్టు సడలింది.

ఈ తగాదాలో పడి శాసనం చివరి భాగాన్ని పట్టించుకోకపోవడం పెద్ద లోపం. రాజ్యం ఎలా నడిచిందో తెలిసేది అక్కడే.

396లో బెక్జే రాజు అసిన్ లొంగిపోయి వెయ్యిమంది మనుషులను, వెయ్యి తానుల బట్టను ఇచ్చుకున్నాడు. గ్వాంగ్గెతో ఆ అసిన్ తమ్ముణ్ని, పదిమంది మంత్రులను వెంట తీసుకెళ్లాడు గానీ సింహాసనం అసిన్‌కే వదిలాడు. ఫలితం? 399కల్లా బెక్జే మళ్లీ 'వా'తో చేతులు కలిపింది. మరుసటి ఏడు 'వా' సేనల నుంచి సిల్లాను కాపాడటానికి గ్వాంగ్గెతో 50,000 సైన్యాన్ని పంపాల్సి వచ్చింది.

నేల చేజారవచ్చు, తరలించిన మనుషులు మాత్రం రాజు చేతిలోనే ఉంటారు. తన సమాధి కాపలాకు సొంత గడ్డ మీది పాత కుటుంబాలను వాడితే అవి చితికిపోతాయని గ్వాంగ్గెతో భయపడ్డాడు. తాను స్వయంగా పట్టి తెచ్చిన 'హాన్', 'యే' అనే పొరుగు జాతుల ప్రజలనే పెట్టమన్నాడు. అలా 220 కుటుంబాలను కేటాయించారు. వాళ్లకు పద్ధతులు తెలియవని మరో 110 పాత కుటుంబాలను జతచేశారు. మొత్తం 330. ఏ ఊరి నుంచి ఎన్ని ఇళ్లో శాసనం వరసగా చెబుతుంది. సైనిక దండయాత్రలకు ఎంత శ్రద్ధ చూపిందో, ఈ పట్టికకూ అంతే చూపింది.

ఇంత పట్టింపుకు కారణముంది. పూర్వపు రాజుల సమాధుల దగ్గర రాళ్లు లేకపోవడంతో ఏ కుటుంబం ఏ సమాధిదో కలగాపులగమైంది. అందుకే గ్వాంగ్గెతో తన పూర్వీకుల సమాధులన్నిటి దగ్గరా రాళ్లు పాతించి, కాపరుల ఇళ్ల వివరాలు చెక్కించాడు. కాపరుల క్రయవిక్రయాలనూ నిషేధించాడు. ఎంత ధనవంతుడైనా కొనడానికి వీల్లేదు. అమ్మినవాడికి శిక్ష, కొన్నవాడు తానే సమాధి కాపలాకు కూర్చోవాలి. డబ్బున్నవాళ్లు కాపరులను కొనేసుకుంటున్నారు కాబట్టే ఈ చట్టం పుట్టిందని నా అభిప్రాయం. 2012లో జియాన్ దగ్గరే దొరికిన మరో గోగుర్యో శాసనంలోనూ కాపరుల అమ్మకంపై నిషేధం ఉంది.