పుట్టీ కింద తుప్పు ఆగదు

పాత లారీ క్యాబిన్‌కు తుప్పు పట్టిన చోట పుట్టీ పెట్టి రంగు వేయిస్తే తక్కువలో పని అయిపోతుందని ఒక వ్యాసంలో ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. రేకుపై తుప్పు మిగిలి ఉండగా పుట్టీ పెడితే, అది చెమ్మను పీల్చుకుని లోపలే నిలుపుతుంది కాబట్టి, వానాకాలం దాటేసరికి రంగు పొక్కులు లేచి, గోటితో గీరినా పెళ్లలుగా ఊడివస్తుంది. కాకినాడ, మచిలీపట్నం రేవుల నుంచి సముద్రపు చేపలు తోలే బండ్లకు పెట్టెల్లోంచి ఉప్పునీరు కారుతూనే ఉంటుంది కనుక, వాటికి ఈ బెడద మరీ ఎక్కువ.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దాన్ని పైరంగు మీద కాక రేకును శుభ్రం చేయించడం మీద పెట్టడం మేలు. వైర్ బ్రష్‌తోనూ, ఆ తర్వాత 80 నంబరు ఎమరీ కాగితంతోనూ ఇనుము మెరిసేదాకా రుద్ది, గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన రస్ట్ కన్వర్టర్ (తుప్పును నిలకడైన పొరగా మార్చే ద్రవం) పూసి, పూర్తిగా ఆరాక ఆలస్యం చేయకుండా ప్రైమర్ (పైరంగు కింద వేసే తొలి పూత) వేయాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయే రేకును మాత్రం కోసి అతుకు వేయించక తప్పదు. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోయి ఉంటాయి; వాటిని తీగతో తెరవడానికి పైసా ఖర్చు లేకపోయినా చాలామంది ఆ పని చేయరు. ఛాసిస్‌లో (బండి అడుగు చట్రంలో) తుప్పు పొరలుగా లేస్తుంటే మాత్రం, బరువంతా మోసేది అదే కాబట్టి, అనుభవమున్న మేస్త్రీకి చూపించాకే బండిని లోడుకు పంపాలి.