సెట్టింగ్స్ ఫోల్డర్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెట్టింగ్స్ ఫోల్డర్ గారి దివ్య సముఖానికి,

నమస్కారాలతో రాయునది. ప్రతి సాఫ్ట్‌వేర్ సెట్టింగులనీ దాచిపెట్టుకునే తమరు విండోస్‌లో యాప్‌డేటా కింద, మ్యాక్‌లో లైబ్రరీ కింద, లినక్స్‌లో పేరుకి ముందు చుక్క పెట్టుకుని అజ్ఞాతవాసం చేస్తుంటారని మాకందరికీ తెలుసు. నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

ఫొటోల క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి, పేరెందుకులెండి, మూడు ఓఎస్‌లలోనూ నడుస్తుందని చెప్పుకుంటుంది. నడుస్తుంది, అబద్ధం కాదు. ఆఫీసు విండోస్‌లో ఉన్న తమరినీ ఫొటోలనీ సింక్ పెట్టి ఇంట్లోని లినక్స్‌కి రప్పించాను. తెరుచుకుంది. ఆల్బమ్‌ల పేర్లున్నాయి, ట్యాగులున్నాయి, రేటింగులున్నాయి. ఫొటోలే లేవు! గడిగడికీ ఒక బూడిదరంగు చదరం, మధ్యలో ప్రశ్నార్థకం, కింద "ఫైలు దొరకలేదు".

తమరి దగ్గరున్న డేటాబేస్ విప్పి చూస్తే గుట్టు బయటపడింది. ప్రతి వరుసలోనూ సి, కోలన్, బ్యాక్‌స్లాష్, యూజర్స్, బ్యాక్‌స్లాష్, నా పేరు, మళ్లీ బ్యాక్‌స్లాష్... ఇలా ఫైలు చిరునామా, అంటే పూర్తి పాత్, రాసి ఉంది. ఫొటోలు తమరి పక్క ఫోల్డర్‌లోనే ఉన్నాయి స్వామీ! పక్కింటాయన్ని పిలవడానికి దేశం పేరు నుంచి పిన్‌కోడ్ దాకా చదవాలా? లినక్స్‌లో సి డ్రైవ్ లేదు, మ్యాక్‌లోనూ లేదు. అంతెందుకు, యూజర్ పేరు వేరే ఉంటే ఇంకో విండోస్‌లో కూడా ఆ పాత్ చెల్లదు.

సరేనని రీప్లేస్ కొట్టాను. ముందు భాగం మార్చి, బ్యాక్‌స్లాష్‌లన్నిటినీ అటు తిప్పాను. సగం ఫొటోలు వచ్చాయి. మిగతావి ఏవని వెతికితే, ఫోల్డర్ పేరులో పెద్ద పి, డేటాబేస్‌లో చిన్న పి. విండోస్ మామూలుగా ఆ తేడా పట్టించుకోదు. లినక్స్‌కి అవి రెండూ వేర్వేరు ఫోల్డర్లు. అదీ సరిచేశాను. సాయంత్రానికి సింక్ తన పని తాను నమ్మకంగా చేసి, సరిచేసిన డేటాబేస్‌ని ఆఫీసు మెషీన్‌కి చేర్చింది. ఇప్పుడు అక్కడ ఫొటోలు లేవు.

ఇంక ఈ "తమరు" నా వల్ల కాదు. ఏమయ్యా, తానున్న చోటి నుంచే దారి చెప్పే రిలేటివ్ పాత్ అనేదొకటుందని నీకెవరూ చెప్పలేదా? ఫైర్‌ఫాక్స్ తన ప్రొఫైల్స్ ఫైలులో "ఈజ్‌రిలేటివ్ = 1" అని ఒక్క లైను రాసుకుని హాయిగా ఉంటుంది, చూసి నేర్చుకో. ట్యాగులు, రేటింగులు, షార్ట్‌కట్‌లు నావి. డ్రైవ్ అక్షరం, విండో సైజు, గ్రాఫిక్స్ సెట్టింగు ఆ మెషీన్‌వి. రెండిటినీ ఒకే సంచిలో కుక్కి, "తీసుకెళ్లు, అన్నిచోట్లా పనికొస్తుంది" అంటావా? లేని రెండో మానిటర్ మీద విండో తెరిచి నన్ను వెతుక్కోమంటావా? ఫొటోల ఫోల్డర్ ఎక్కడుందో ఒక్కో మెషీన్‌లో ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?

డేటాబేస్ ఫైలుని మాత్రం ఎవరేమన్నా ఒప్పుకోను. అది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలు, దాని 3వ వెర్షన్ ఫార్మాట్ 2004 నుంచీ అదే. 32 బిట్ అయినా 64 బిట్ అయినా, ప్రాసెసర్ బైట్లని ఏ వరుసలో పేర్చుకున్నా, ఫైలు మారదు. 2050 దాకా సపోర్ట్ చేయాలన్నది దాన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం. ఆ బంగారంలాంటి ఫైలులో నువ్వు పోసింది సి కోలన్ బ్యాక్‌స్లాష్! పైగా అప్లికేషన్ తెరిచి ఉండగానే సింక్ వచ్చి అసలు ఫైలుని పట్టుకెళ్లి, తాజా మార్పులు ముందుగా రాసుకునే పక్కనున్న వాల్ (WAL) ఫైలుని వదిలేస్తే కొత్త ట్యాగులు గల్లంతు. "మూసేదాకా ఆగండి" అని ఒక్క హెచ్చరిక చూపించడానికి నోరు రాలేదు మీ అప్లికేషన్‌కి.

పాత్‌లు మళ్లీ రీప్లేస్ చేయను. ఈసారి వంతు నీది.

ఇట్లు,
సి డ్రైవ్ లేని ఒక యూజర్

తా.క.: ఇది మామూలు టెక్స్ట్ ఫైలుగానే పంపుతున్నాను. లైను చివర ఎల్ఎఫ్ (లినక్స్, మ్యాక్ వాడే లైను ముగింపు గుర్తు) ఒక్కటే ఉంటే నోట్‌ప్యాడ్‌కి అర్థమవడానికి 2018 దాకా పట్టింది కాబట్టి, పాత మెషీన్‌లో ఈ ఉత్తరమంతా ఒకే లైనులో కనబడొచ్చు. ఊపిరి బిగపట్టి చదువుకోగలవు.