దిక్కుకో గ్రూపు వేసి వెతికిన అధ్యక్షుడు

2019 ఆగస్టు 10న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ, అంటే పార్టీలో అన్నీ తేల్చే పెద్దల కమిటీ, కొత్త అధ్యక్షుడి కోసం ఎలా వెతికిందో గుర్తుందా? గుర్తులేకపోతే చెప్తా, ఇలాంటివి మర్చిపోకూడదు. లోక్‌సభ ఎన్నికల్లో 52 సీట్లొచ్చాయి, అధ్యక్షుడిగా ఉన్న రాహుల్ గాంధీ రాజీనామా చేసేశారు, జులై 3న లెటర్ కూడా బయటపెట్టారు, కొత్తవాళ్లని మీరే చూసుకోండి నేను చెప్పను అన్నారు. సరే అని మనోళ్లు ఐదు గ్రూపులుగా విడిపోయారు. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర, ఈశాన్యం. ఏ దిక్కున కనబడినా పట్టుకొచ్చేద్దామని కాబోలు.

మా ప్రభావం పడకూడదని సోనియా, రాహుల్ ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. ఇక చూడండి, ఐదు గ్రూపుల్లోనూ ఒకటే మేధోమథనం, రాష్ట్రాల ప్రెసిడెంట్లని పిలవడం, ఎంపీలని అడగడం, నోట్ చేసుకోవడం. ఈశాన్యం గ్రూపులో ఎవరో కుర్రాడు కొత్త పేరొకటి చెబుదామని నోరు తెరిచి, పక్కనున్న పెద్దాయన చూపు చూసి దాన్ని దగ్గుగా మార్చేసి ఉంటాడని నా అనుమానం. చివరికి ఐదు గ్రూపులూ కూడి తేల్చిందేంటయ్యా అంటే, రాహుల్ గాంధీ! ఆయన వద్దన్నారు. అయ్యో వద్దన్నారే అని మళ్లీ ఆలోచించి, రాత్రి పొద్దుపోయాక, 19 ఏళ్లు అధ్యక్షురాలిగా చేసి 2017లో కొడుక్కి అప్పజెప్పిన అమ్మగారినే మళ్లీ కూర్చోబెట్టారు. తాత్కాలికంగానే సుమా.

ఆ తాత్కాలికం మూడేళ్లు దాటింది. తీరా 2022 అక్టోబర్ 17న ఎన్నిక పెడితే తొమ్మిది వేల పైచిలుకు ఓట్లు ఒక్క రోజులో పడిపోయాయి, ఖర్గే గారు గెలిచారు, కొంపలేం మునగలేదు. ఒక్క రోజు పని!

ఈలోపు ఏమైంది? కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడే కర్ణాటకలో సంకీర్ణ ప్రభుత్వం కూలింది. మధ్యప్రదేశ్‌లో జనం 15 ఏళ్ల తర్వాత గెలిపిస్తే 15 నెలలకే పోగొట్టుకున్నారు, సింధియా బీజేపీలోకి వెళ్లాడు, ప్రభుత్వమూ వెళ్లింది. 2020 ఆగస్టులో 23 మంది సీనియర్లు ఫుల్‌టైమ్ నాయకత్వం కావాలని లెటర్ రాస్తే వర్కింగ్ కమిటీ ఏడు గంటలు కూర్చుంది. అధ్యక్షుడి గురించనుకున్నారా? లెటర్ ఇప్పుడెందుకు రాశారు, మీడియాకెవరు లీక్ చేశారు, ఇదీ గొడవ.

ఏడు గంటలు! అది ఏ సంవత్సరమో తెలుసా అసలు వీళ్లకి? పిల్లల్ని సంకనేసుకుని వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచిన సంవత్సరం. తర్వాత నెలలోనే వ్యవసాయ బిల్లులు రాజ్యసభలో మూజువాణి ఓటుతో పాసైపోయాయి. ఎంపీలు అరిచారు, కాదనను. కానీ వెనకాల పార్టీ ఏదీ? మీ ఇంటి పంచాయితీ మీ ఇష్టం, కానీ ప్రతిపక్షం మీ సొంత ఆస్తి కాదు కదా, అది మాది, ఓటేసినోళ్లదీ వెయ్యనోళ్లదీ కూడా. ఆంధ్రాలో 175 సీట్లకి 2014లో, 2019లో రెండుసార్లు వరసగా సున్నా వచ్చినా కండువా తియ్యకుండా బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నోళ్లున్నారు, పొద్దున టిఫిన్ పంపే దిక్కు కూడా లేకుండా. వాళ్లకేం చెప్తారు, లీక్ చేసినోణ్ణి పట్టుకుంటున్నాం ఆగండి అనా?

2021 అక్టోబర్లో మాత్రం సోనియా గారు తేల్చేశారు, నేను ఫుల్‌టైమ్ అధ్యక్షురాలినేనని. శుభం. ఆ తర్వాత ఐదు నెలలకి ఐదు రాష్ట్రాల ఎన్నికలు, ఐదూ పోయాయి, యూపీలో 403కి 2. మార్చి 13న వర్కింగ్ కమిటీ మళ్లీ కూర్చుని, మేడమ్ మీరే కొనసాగాలి అంది. రెండు రోజులాగి ఆ ఐదు రాష్ట్రాల పీసీసీ ప్రెసిడెంట్లనీ రాజీనామా చెయ్యమన్నారు. తప్పెవరిదో మొత్తానికి దొరికింది.